ఉద్ధరిణెడు నీళ్లు

నరసింహమూర్తిగారి మనవడికి మంత్రాలొచ్చు, మాటలు రావు. తెనాలిలో వాళ్ల వీధి వీధంతటికీ ఈ సంగతి తెలుసు. అది గొప్పో లోటో మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకునేవాళ్లు.

భరద్వాజకి ఎనిమిదేళ్లు. మొన్న మాఘమాసంలో ఒడుగయింది, అదే ఉపనయనం. పొద్దున్నే తాతగారు పీట మీద కూర్చుని వేదంలో ఒక పనస, అంటే ఓ చిన్న భాగం, చదివితే, వాడు ఎదురుగా కూర్చుని, గోడ మీద ఎండపొడ కేసి చూస్తూ, స్వరం చెడకుండా మొత్తం అప్పజెప్పేవాడు. తాతగారు మధ్యలో దగ్గితే ఆ దగ్గు కూడా అదే చోట దగ్గేవాడు. ఒక్కసారి వింటే చాలు. రెండోసారి చదవబోతే చెవులు మూసుకునేవాడు. ఒక్క సంథతో, అంటే గురువు ఒక్కసారి చెప్పడంతోనే, పట్టేసేవాణ్ణి ఏకసంథాగ్రాహి అంటారు కదా, అలాంటివాడు తన ఇంట పుట్టాడని నరసింహమూర్తిగారు పొంగిపోయారు. పొంగరూ మరి! హైస్కూల్లో జీవితమంతా పిల్లలకి సంస్కృతం చెప్పి, ఒక్క శ్లోకం తిన్నగా పలికేవాడి కోసం మొహం వాచిపోయిన మనిషాయన.

ఆ నోటితోనే వాడు 'అమ్మా' అనడు. ఆకలనడు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. పక్కింటి పిల్లలు ఆటకి పిలిచి బంతి చేతికిస్తే, దాన్ని పట్టుకుని ఓ మూల కూర్చుని గిర్రున తిప్పుకుంటూ ఉంటాడు. ఎవరైనా "ఏంటండీ, బాబు ఇంకా మాట్లాడ్డం లేదూ?" అంటే తాతగారి జవాబు సిద్ధంగా ఉండేది.

"నిండుకుండ తొణకదు నాయనా. మా తాతగారికి ఐదేళ్ల దాకా మాటల్లేవు."

"వీడికి ఎనిమిదొచ్చాయి కదండీ" అని ఎవరైనా అన్నారో, అయిపోయారే! కోపం ఆయన ముక్కు మీదే ఉంటుంది. ఆయన సర్వీసులో హెడ్మాస్టర్లు కూడా అది చూసుకునే మాట్లాడేవాళ్లు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కోడలు శారద అడక్కుండానే పెట్టే అమ్మ. మొహం చూసి ఆకలి, పెదవులు చూసి దాహం కనిపెట్టేది. వాడు వంటింటి గుమ్మం దాకా వచ్చేలోపే గ్లాసు నోటికి అందించేది. ఆ ఇంట్లో వాడికి నోరు తెరిచి అడగాల్సిన అవసరమే పడలేదు.

మాటతో పాటు నీళ్లొచ్చేది ఆ ఇంట్లో ఒక్కచోటే. తాతగారి సంధ్యావందనం దగ్గర. రాగి పంచపాత్రలోంచి ఉద్ధరిణెతో, అదే ఆ చిన్న చెంచాతో, అరచేతిలో నీళ్లు పోసుకుని, కేశవాయ స్వాహా అని ఒకసారి, నారాయణాయ స్వాహా అని ఒకసారి, మాధవాయ స్వాహా అని ఒకసారి తాగాలి. దాన్నే ఆచమనం అంటారు. నీళ్లు మినపగింజ మునిగేటన్నే ఉండాలని శాస్త్రం. ఎక్కువా పనికిరాదు, తక్కువా పనికిరాదు. ఒడుగయిన నాటి నుంచీ మనవడి చేత కూడా చేయించేవారు.

ఆ తర్వాత వాడు వేళ కాని వేళల్లో కూడా ఆ మంత్రం అనడం మొదలుపెట్టాడు. మిట్టమధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని అనేవాడు. ఎండలో ఆడి వచ్చి అనేవాడు. తాతగారు మురిసిపోయి, ఏం చేస్తున్నా వదిలేసి పంచపాత్ర తెచ్చి వాడి చేతిలో ఉద్ధరిణె వంచేవారు.

"చూశావుటమ్మా శారదా! వీడికి ఎప్పుడూ ఆచమనం మీదే ధ్యాస. పూర్వజన్మ సంస్కారం అంటే ఇదీ."

శారద బెంగ వేరు.

రోహిణి కార్తెలో రేపల్లెలో వేదసభ జరుగుతుంది. వేదపాఠశాల నడిపే సోమయాజులుగారు ఆ సభకి వస్తారు. ఆయన ముందు భరద్వాజ చేత చదివించి, నచ్చితే వాణ్ణి పాఠశాలలో చేర్పించాలని తాతగారి పట్టుదల. చేరితే అక్కడే ఉండాలి. పండగలకి తప్ప ఇంటికి పంపరు.

"అక్కడ వాడి మొహం చూసి దాహం కనిపెట్టేదెవరు మామయ్యగారూ?" అంది శారద ఒకనాడు.

"గురువుగారుంటారు. తోటి పిల్లలుంటారు. నువ్వు కొంగు చాటున పెట్టుకు కూర్చోబట్టే వాడికి మాట రావడం లేదు."

ఆ మాట ఆవిడకి ములుకులా గుచ్చుకుంది. అయినా పోరు మానలేదు. బాపట్లలో ప్రత్యేక పిల్లలకి చదువు చెప్పే కేంద్రం ఉందట, సుజన అనే టీచరుగారు పిల్లల్ని చూసి సంగతేంటో చెబుతారట, ఒక్కసారి తీసుకెళ్దాం, ఏమీ లేదంటే మీ ఇష్టప్రకారమే పంపుదాం అని రోజూ చెవినిల్లు కట్టుకుని చెప్పింది. ఆవిడ మొగుడు కృష్ణతేజ రేపల్లెలో బ్యాంకు ఉద్యోగి. పొద్దున రైలెక్కితే సాయంత్రం దిగేవాడు. ఇటు తండ్రి, అటు పెళ్లాం, అడకత్తెరలో పోకచెక్క అతను. "వెళ్లొద్దాం నాన్నగారూ, పోయేదేముంది?" అని ఎలాగో నోరు పెగల్చుకుని అన్నాడు. ఈ గొడవ వదిలిపోతుందని నరసింహమూర్తిగారు సరేనన్నారు.

బాపట్లలో ఆ కేంద్రం ఒక పాత పెంకుటిల్లు. లోపలికి అడుగు పెట్టగానే ఆయన అక్కడే నిలబడిపోయారు. ఒక పిల్ల చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది, మెడ నిలవడం లేదు. ఒక పిల్లాడి రెండు చెవులకీ మిషన్లున్నాయి. ఇంకో పిల్ల కళ్లు మూసుకుని అట్ట మీద చుక్కల్ని వేళ్లతో తడుముతోంది. చిన్న కళ్లు, గుండ్రటి మొహం ఉన్న ఒక కుర్రవాడు ఆయన నిలబడి ఉండడం చూసి, ఎవరూ చెప్పకుండానే కుర్చీ ఈడ్చుకొచ్చి, "కూచో తాతా" అని నవ్వాడు. ఆయన కూర్చోలేదు. వీళ్లందరి మధ్యా మావాడేంటి అని ఆయనకి ఒళ్లు మండిపోతోంది.

సుజన చాప మీద భరద్వాజ పక్కన కూర్చుంది. చాలాసేపు ఏమీ అడగలేదు. వాడు బంతి తిప్పితే తనూ ఒక బంతి తిప్పింది. ఆ తర్వాత శారదని, ఆయన్నీ అదీ ఇదీ అడిగి తెలుసుకుని, మెల్లగా చెప్పింది.

"దీన్ని ఆటిజం అంటారండి. డాక్టరుగారికి కూడా చూపించి ఖాయం చేసుకుందాం. నాకు మాత్రం అదే అనిపిస్తోంది."

"అమ్మా, ఇక్కడున్న పిల్లలందరికీ ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంది" అన్నారు నరసింహమూర్తిగారు. "మావాడికేం తక్కువ? కాళ్లా, కళ్లా, చెవులా? బుద్ధా? వాడికున్న జ్ఞాపకశక్తి మీకుందా, నాకుందా?"

"నాకైతే లేదండి" అని నవ్విందావిడ. "లోపమంటే కంటికి కనపడేదే అనుకుంటామండి మనం. వికలాంగుల చట్టంలోనే ఇరవై ఒక్క రకాలు రాశారు. వాటిల్లో చాలామటుకు కనపడవు. అదిగో, ఆ జడల పిల్ల ఉంది చూడండి, నోటితో చెబితే ఎంత లెక్కయినా చేస్తుంది, కాగితమ్మీద అక్షరం మాత్రం దానికి నిలవదు. బడిలో మొద్దన్నారు. ఆ కుర్చీలో పాపకి మాట రాదు, మనం మాట్లాడేది ప్రతీదీ అర్థమవుతుంది. మీకు కుర్చీ వేసినవాడు పాఠం నెమ్మదిగా నేర్చుకుంటాడు, మనిషి మొహం చూసి మనసు చెప్పేస్తాడు. ఒకళ్లకి పనికొచ్చేది ఇంకొకళ్లకి పనికిరాదండి. అందుకే ఎవరిది ఏ రకమో తెలుసుకోవడం."

"మరి మావాడి ప్రతిభో?"

"అదీ నిజమేనండి. ఒక్క పిల్లాడిలోనే గొప్పా ఉంటుంది, లోటూ ఉంటుంది. గొప్ప ఉంది కదాని లోటు లేదనుకుంటే వాడికే కష్టం."

ఇంతలో భరద్వాజ లేచి మూలనున్న మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కుండ కేసి చూడకుండా, ఎటో చూస్తూ, "కేశవాయ స్వాహా" అన్నాడు.

"ఈ మాట ఎప్పుడెప్పుడు అంటాడండీ?" అని అడిగింది సుజన.

తాతగారు ఫక్కున నవ్వారు. "మాట కాదమ్మా అది, మంత్రం. ఆచమన మంత్రం. మీకు తెలియదులే."

"తెలీదండి. మా ఇళ్లల్లో ఇవి లేవు. కానీ పిల్లలు ఊరికే ఏదీ అనరండి. ఎప్పుడంటున్నాడో, అన్నాక వాడికేం దొరుకుతోందో, కాస్త కనిపెట్టి చూడండి తాతగారూ."

వేదం ముక్క తెలియని మనిషి మంత్రం సంగతి నాకు చెప్పొచ్చిందే అనుకున్నారు ఆయన. అనలేదు గానీ మొహంలో కనిపించే ఉంటుంది. సుజన మాత్రం ఏమీ ఎరగనట్టే, నీళ్ల గ్లాసు బొమ్మ ఉన్న చిన్న అట్టముక్కకి రిబ్బను కట్టి భరద్వాజ మెడలో వేసింది. వాడు దాన్ని పట్టుకుని చూపిస్తే వెంటనే నీళ్లివ్వాలని శారదకి చెప్పింది. "గుక్కెడు కాదమ్మా, గ్లాసుడు. చూపించగానే ఇవ్వాలి. ఒకట్రెండుసార్లు ఇవ్వకపోతే, అడిగినా దండగేనని వాడు మానేస్తాడు."

కొన్ని వారాలకి వాడు నేర్చుకున్నాడు. మొదటిసారి ఆ బొమ్మ చేత్తో పైకెత్తి శారద మొహం ముందు పెట్టిన రోజు, ఆవిడ గ్లాసు నింపి ఇచ్చి, వాడు తాగుతుంటే గుమ్మానికి చేరబడి ఏడ్చింది. వాడు పుట్టిన ఇన్నేళ్లలో తనని ఏదైనా అడగడం ఆవిడ చూడలేదు. నరసింహమూర్తిగారు పేపరు చాటున మొహం దాచుకున్నారు. ఆయన బాధ ఆయనది. నోట వేదమున్నవాడికి మెడలో బొమ్మేంటి? కొత్తగా వచ్చినవాళ్లెవరైనా చూస్తే ఏమనుకుంటారు? పాఠశాల సంగతి మాత్రం ఆయన వదల్లేదు. శారదా వదల్లేదు. సభ అయ్యాక తేల్చుకుందామని కృష్ణతేజ ఇద్దరికీ సర్దిచెప్పాడు.

సభ రోజు రానే వచ్చింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అన్నారా! తెల్లారేసరికే గాలి సెగలా తగులుతోంది. శారద ఆ రోజు బయట చేరి ఉంది. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఎవర్నీ తాకకూడదు, సభకి వెళ్లే ప్రసక్తే లేదు. వసారా చివర నిలబడి, ఎప్పుడూ గొంతు పెంచనిది ఆ రోజు పెంచి చెప్పింది.

"మామయ్యగారూ, మెడలో బొమ్మ తియ్యకండి. సీసాలో నీళ్లు పోసి సంచిలో పెట్టించాను. వాడు చూపించినా చూపించకపోయినా మధ్యమధ్యలో ఇవ్వండి. వాడు అడగలేడు, మర్చిపోకండి."

"అలాగేలేమ్మా" అన్నారాయన.

రేపల్లె బండిలో కిటికీ పక్కన కూర్చున్నారు తాతా మనవడూ. పట్టుపంచె, నుదుట విభూతి, చెవులకి పోగులు. వాణ్ణి చూస్తే ఆయనకి కడుపు నిండిపోయింది. ఆ రిబ్బనొక్కటే కంట్లో నలుసయింది. వేదిక మీద సోమయాజులుగారు 'ఇదేంటండీ' అంటే ఏం చెప్పాలి? మూగవాళ్లకి కట్టే బిళ్ల అని చెప్పాలా? బండి దిగే ముందు ఆయన మెల్లగా రిబ్బను తీసి సంచిలో పెట్టేశారు. భరద్వాజ చెయ్యి గుండె మీద తడుముకుంది. ఒకసారి సంచి కేసి చూశాడు.

"సభలో వద్దురా. ఇంటికెళ్లాక వేసుకుందువుగాని" అన్నారాయన.

కల్యాణ మండపం పక్కన రేకుల పందిరి వేసి సభ పెట్టారు. ఫ్యాన్లు వేడిగాలిని తెచ్చి మొహాన కొడుతున్నాయి. మడిలో ఉన్నవాళ్లు ప్లాస్టిక్ సీసా ముట్టుకోకూడదు గనక సంచి బయట చెప్పుల దగ్గరే ఉండిపోయింది. పారాయణ అయిందాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది నరసింహమూర్తిగారి నియమం. తను ముట్టలేదు, మనవడికీ ఇవ్వలేదు. సోమయాజులుగారు రావడం ఆలస్యమయింది. భరద్వాజ వంతు మిట్టమధ్యాహ్నానికి వచ్చింది.

వాడు చదివాడు. ఆహా, ఏం చదివాడు! అంతవరకూ విసనకర్రలు ఊపుకుంటున్న పందిరంతా చేతులు ఆపేసింది. సోమయాజులుగారు కళ్లు తుడుచుకున్నారు. ఒక పనస అయితే ఇంకోటి అడిగారు, అదయితే మరోటి. ముందు వరసలో నరసింహమూర్తిగారు ఈ లోకంలో లేరు.

మూడో పనస ఎత్తుకోబోతూ వాడు ఆగాడు. చెయ్యి గుండె మీదికి పోయింది. ఏదో వెతుకుతున్నట్టు అటూ ఇటూ తడిమింది. అక్కడేం దొరకలేదు. అప్పుడు మైకులో వినిపించింది.

"కేశవాయ స్వాహా."

"ఓహో!" అన్నారు సోమయాజులుగారు. "పనసకీ పనసకీ మధ్య ఆచమనం! ఎవరు నేర్పారయ్యా ఇంత చిన్నవాడికి?" అని, తన వెండి పంచపాత్ర ముందుకు జరిపి, వాడి చేతిలో ఉద్ధరిణె వంచారు. శాస్త్రప్రకారం మినపగింజ మునిగేటన్ని నీళ్లు. వాడు నాకినట్టుగా తాగేశాడు. మళ్లీ చెయ్యి చాచాడు. "కేశవాయ స్వాహా." మళ్లీ అంతే పోశారు. వాడు మళ్లీ చాచాడు. పందిట్లో నవ్వులు పుట్టాయి.

"చాల్లే నాయనా, ఆచమనానికీ ఓ లెక్కుంది. కానివ్వు" అన్నారెవరో పెద్దాయన.

"చదవరా" అన్నారు తాతగారు ముందు వరసలోంచి, కళ్లతో గదమాయిస్తూ.

వాడు చదివాడు. గొంతు పీచుపీచుగా వస్తోంది. రెండు వాక్యాలు చదివి ఆగి, మైకు దగ్గరికి మూతి పెట్టి, "కేశవాయ స్వాహా, కేశవాయ స్వాహా, కేశవాయ స్వాహా" అన్నాడు. లౌడ్‌స్పీకర్లు ఆ మాటని రోడ్డు దాకా మోశాయి. ఎవరో భక్తిగా చేతులు జోడించారు. నరసింహమూర్తిగారి ఒళ్లు పులకరించింది. ఆ పులకరింత ఉండగానే, వాడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయాడు.

దగ్గర్లో ఉన్న చిన్న ఆసుపత్రికి చేతుల మీద మోసుకెళ్లారు. బ్యాంకు నుంచి కృష్ణతేజ పరిగెత్తుకొచ్చాడు. డాక్టరు సెలైను పెట్టి, వాడి చెంపలు తడిబట్టతో ఒత్తుతూ అడిగాడు.

"వడదెబ్బండి. నాలుక చూడండి, ఎలా పిడచకట్టుకుపోయిందో. పొద్దుట్నుంచీ మంచినీళ్లు పట్టలేదా? పిల్లాడు అడగలేదా?"

'వాడికి మాటలు రావండి, ఎలా అడుగుతాడు' అనబోయారు నరసింహమూర్తిగారు.

ఫ్యాను కింద అన్నాడు. ఎండలోంచి వచ్చి అన్నాడు. బాపట్లలో కుండ దగ్గర నిలబడి అన్నాడు. ఇందాక ఇంతమంది ముందు మైకులో అన్నాడు. అన్నప్పుడల్లా తను వాడి చేతిలో మినపగింజ మునిగేటన్ని పోసి మురిసిపోయాడు. ఇంట్లో ఏ మాటంటే నీళ్లొస్తాయో ఆ ఒక్క మాటా పట్టుకుని, పసివాడు ఇన్నాళ్లుగా అడుగుతూనే ఉన్నాడు.

"అడిగాడండి" అన్నారాయన. "నన్నే అడిగాడు. చాలాసార్లు అడిగాడు."

డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. కృష్ణతేజ తండ్రి మొహం కేసి చూశాడు. ఆయన గోడకి చేరబడి, పైపంచ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. తల్లి పోయినప్పుడు కూడా తండ్రి ఏడవడం కృష్ణతేజ చూడలేదు.

పొద్దు వాటారుతుండగా సోమయాజులుగారు పరామర్శకి వచ్చారు. పిల్లవాడికి గండం గడిచిందని విని దణ్ణం పెట్టుకుని, మంచం పక్కన కూర్చున్నారు.

"మూర్తిగారూ, దిగులు పడకండి. దిష్టి తగిలింది. ఇలాంటి ధారణ నేనింతవరకూ చూళ్లేదు. జ్యేష్ఠంలో మంచిరోజు చూసి పాఠశాలకి తీసుకురండి. వాణ్ణి నాకు వదిలేయండి."

పొద్దుటి దాకా ఈ మాట కోసం ఆయన ఎంత తపించారో దేవుడికే తెలుసు.

"క్షమించాలి" అన్నారు నరసింహమూర్తిగారు. "వాడికి నీళ్లడగడం రాదండి. ముందు అది నేర్చుకోవాలి. వాడు అడిగితే తెలుసుకోవడం నాకూ రాదు. నేనూ నేర్చుకోవాలి. వేదం ఎక్కడికీ పోదు."

కబురంది సాయంత్రం బండికి శారద వచ్చింది. గుమ్మం దాకా పరుగున వచ్చి, మామగారిని చూసి, అలవాటు కొద్దీ అక్కడే ఆగిపోయింది. కళ్లు మాత్రం మంచం మీదున్నాయి.

"లోపలికి రామ్మా" అన్నారాయన. "వచ్చి వాణ్ణి ఎత్తుకో."

"నేను బయటున్నాను మామయ్యగారూ."

"ఉంటే ఉన్నావు. రా."

ఆయనే బిడ్డని, సెలైను గొట్టం జాగ్రత్తగా పట్టుకుని, ఆవిడ ఒళ్లో పెట్టారు. ఆ తర్వాత సంచిలోంచి రిబ్బను తీసి చూపించారు.

"బండిలో నేనే తీసేశానమ్మా. సభలో బాగుండదని."

శారద ఆ రిబ్బను కేసి, ఆయన కేసి చూసింది. "మీరు తీసేశారా?" అని ఒక్కమాట అంది. తిట్టినా బాగుండేది ఆయనకి. ఆ రాత్రి గానీ, మర్నాడు తెనాలి వచ్చే దారిలో గానీ ఆవిడ ఆయనతో ఇంకో మాట మాట్లాడలేదు. మాట్లాడమని ఆయనా అడగలేదు.

పిల్లవాడికి ఒంట్లో బావున్నాక బాపట్లకి తాతగారే తీసుకెళ్లారు. ఈసారి ఆ గుండ్రటి మొహం కుర్రవాడు కుర్చీ ఈడ్చుకొస్తే, "వద్దు నాన్నా, కింద కూచుంటా" అని మోకాళ్లు పట్టుకుంటూ చాప మీద చతికిలబడ్డారు. కేశవాయ స్వాహా సంగతి సుజనకి మొత్తం చెప్పారు.

"మీరు నన్ను కనిపెట్టి చూడమన్నారమ్మా. నేను చూళ్లేదు."

సుజన చేతిలో బంతి పక్కన పెట్టేసింది. "అదేంటో నాకూ తెలీదండి అప్పుడు. అనుమానం వచ్చింది, అంతే. గట్టిగా అడగాల్సింది" అంది. ఆ తర్వాత, "వాడి చేత ఆ మాట మాన్పించకండి తాతగారూ. వాడు సొంతంగా సంపాదించుకున్న మాట అది. అన్నప్పుడల్లా గ్లాసుడు నీళ్లిచ్చి, 'నీళ్లు' అని మీరొకసారి అనండి, చాలు" అని చెప్పింది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో కేశవాయ స్వాహా అని వినబడితే గ్లాసు నిండేది. ముందు శారద పరిగెత్తేది. ఆవిడకన్నా ముందు ఆయన పరిగెత్తేవారు, ఆ వయసులో. "నీళ్లు... నీళ్లు..." అని వాడి ముందు కూర్చుని, స్కూల్లో అక్షరాలు దిద్దించినట్టు పలికేవారు. వాడు పలకలేదు. ఒక్కోరోజు బొమ్మ చూపించేవాడు, ఒక్కోరోజు మంత్రం అనేవాడు, ఒక్కోరోజు రెండూ లేక ఊరికే ఏడ్చేవాడు. శారద మామగారితో మళ్లీ మాట్లాడ్డం మొదలుపెట్టింది గానీ, పాత చనువు వెంటనే రాలేదు. వస్తుందో రాదో కూడా ఆయనకి తెలియదు. బెంగతో నిద్రపట్టక చాలాసార్లు తెల్లవారుజామునే ఆయన వసారాలో తచ్చాడేవారు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున ఆయన స్నానం చేసి పీట మీద కూర్చున్నారు. మనవణ్ణి నిద్ర లేపలేదు. పంచపాత్ర ముందు పెట్టుకుని, చెయ్యి గోకర్ణంలా, అంటే ఆవు చెవిలా, ముడిచి, ఉద్ధరిణె వంచుకున్నారు.

"ఓం కేశవాయ స్వాహా."

వెనక వంటింట్లో ఏదో గిన్నె పడిన చప్పుడయింది. శారద లేచిందేమో అనుకుని ఆయన తల తిప్పలేదు. రెండో నామం చెప్పబోతుండగా చిన్న చిన్న అడుగులు వచ్చి పక్కన ఆగాయి.

భరద్వాజ. నిద్రకళ్లు. రెండు చేతులతో స్టీలు గ్లాసు పట్టుకున్నాడు. కుండలోంచి ముంచుకొచ్చాడు కాబోలు, సగం నీళ్లు చొక్కా మీదే పోసుకున్నాడు. ఎప్పట్లాగే ఆయన మొహం కేసి చూడ్డం లేదు, గోడ కేసి చూస్తున్నాడు. గ్లాసు మాత్రం తిన్నగా ఆయన నోటి ముందు పెట్టాడు.

తాతగారికి దాహమేసిందని వాడికి తెలిసింది. అడిగారు కదా మరి.

ఆచమనం మధ్యలో ఆపకూడదు. సంధ్య పూర్తి కాకుండా మంచినీళ్లు తాగకూడదు. డెబ్బయ్యేళ్లొచ్చినా ఆ నియమం ఆయన ఒక్కపూట తప్పలేదు. వంటింటి గుమ్మంలో అప్పుడే వచ్చి నిలబడిన శారద ఆయన ఏం చేస్తారా అని చూస్తోంది.

నరసింహమూర్తిగారు అరచేతిలోని నీళ్లు కింద వదిలేశారు. మనవడి చేతుల్లోంచి గ్లాసు అందుకుని, చివరి చుక్క దాకా తాగారు.